సాకర్ స్కాలర్‌షిప్ లెక్క: ఫ్రిస్కో నుంచి వచ్చిన ఒక తండ్రి ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సెంటర్ బ్యాక్ (గోల్ ముందు ఆడే డిఫెండర్), ఈసీఎన్ఎల్ అనే పెద్ద క్లబ్ లీగ్‌కు కింది స్థాయి అయిన ఈసీఎన్ఎల్ రీజనల్ లీగ్ జట్టులో ఆడుతోంది. చదువులోనూ ముందుంటుంది. ఒక రిక్రూటింగ్ సంస్థ వాళ్ళు నాలుగు వేల డాలర్లు కడితే డివిజన్ 1 ఫుల్ స్కాలర్‌షిప్ దాకా దగ్గరుండి నడిపిస్తామంటున్నారు. కట్టమంటారా? మేమంతా ఇంకా హెచ్1, హెచ్4 వీసాల మీదే ఉన్నాం, అది అడ్డవుతుందా? మా చిన్నవాడు కూడా ఆడుతున్నాడు, వాడి సంగతేమిటి?"

ఆ నాలుగు వేలు కట్టకండి. ఆ సంస్థ చేసే పనిలో మీ అమ్మాయి స్వయంగా చేసుకోలేనిది దాదాపు ఏమీ లేదు. ఆమే చేస్తే ఫలితం కూడా బాగుంటుంది. ఎందుకో కింద రాస్తాను.

నేనెవరో కూడా చెప్పాలి కదా. (తెలియనివాళ్ళకు: ఎన్‌సీఏఏ అనే సంస్థ కాలేజీ ఆటలను మూడు డివిజన్లుగా నడుపుతుంది, పై స్థాయి డివిజన్ 1.) మా అమ్మాయి ఇప్పుడు ఒక డివిజన్ 3 కాలేజీలో మూడో ఏడాది చదువుతూ ఆడుతోంది. మా అబ్బాయి డివిజన్ 2లో మొదటి ఏడాది. మధ్యలో ఆరేళ్ళు క్లబ్ జట్టుకు మేనేజర్‌గా పనిచేశాను. హోటల్ బుకింగులు, టోర్నమెంట్ షెడ్యూళ్ళు, తల్లిదండ్రుల టెన్షన్లు అన్నీ నా మీదుగానే వెళ్ళేవి. ఆ ఆరేళ్ళలో ఫుల్ స్కాలర్‌షిప్ ఆశతో వచ్చిన కుటుంబాలను చాలా చూశాను. ఆ మాట వాళ్ళ పిల్లలకు ఎంత బరువైందో కూడా చూశాను. అందుకే ముందు డబ్బు సంగతే తేల్చేద్దాం.

డివిజన్ 1లో చాలా ఏళ్ళపాటు అమ్మాయిల సాకర్ జట్టుకు 14 స్కాలర్‌షిప్‌లు, అబ్బాయిల జట్టుకు 9.9 అని గరిష్ఠ పరిమితి ఉండేది. డివిజన్ 2లో అమ్మాయిలకు 9.9, అబ్బాయిలకు 9. పాయింటు తర్వాత తొమ్మిది ఎందుకు వచ్చిందంటే, ఇవి మనిషికొకటి చొప్పున ఇచ్చేవి కావు. అంత డబ్బు కోచ్ చేతిలో ఉంటుంది, దాన్ని ముక్కలు చేసి పంచుతారు. 28 మంది ఉన్న జట్టులో 14 అంటే తలకు సగం. 9.9 అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అది కూడా కాలేజీ ఆ పరిమితి మేరకు పూర్తిగా డబ్బు పెడితేనే. చాలా కాలేజీలు పెట్టవు. పెట్టినచోట కూడా సమానంగా పంచరు. గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌కు, నమ్మకమైన గోల్‌కీపర్‌కు పెద్ద ముక్క పోతుంది. మిగిలినవాళ్ళకు పావు వంతు, పది శాతం, ఒక్కోసారి పుస్తకాల ఖర్చు మాత్రమే. జట్టులో ఉండి ఒక్క డాలరు కూడా రానివాళ్ళు ప్రతి కాలేజీలో ఉంటారు.

2025లో ఈ లెక్క మారింది. మీకు ఆ సంస్థవాళ్ళు ఈ మార్పునే చూపించి ఆశ పెట్టి ఉంటారని నా అనుమానం. కాలేజీ ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా ఒకటుంది, హౌస్ కేసు అంటారు, దాని మీద కుదిరిన ఒప్పందాన్ని 2025 జూన్ 6న కోర్టు ఆమోదించింది. జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయింది, దాని బదులు జట్టులో ఎంతమంది ఉండాలన్న దాని మీద పరిమితి వచ్చింది. సాకర్‌కు అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా 28. అంటే కాలేజీ తలచుకుంటే 28 మందికీ ఫుల్ ఇవ్వవచ్చు. కాగితం మీద చూస్తే పండగలా ఉంది. కానీ అదే ఒప్పందం ప్రకారం ఆ కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ఆ డబ్బులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది. అదే ఖజానా నుంచి సాకర్‌కు మరింత వచ్చేది ఎక్కడిది? పెద్ద పేరున్న కొన్ని జట్లకు వస్తుంది, మిగతావాటికి పెద్దగా మార్పుండదు. ఒప్పందంలో చేరని కాలేజీలకు పాత 14, 9.9 పరిమితులే.

మీ అమ్మాయి విషయంలో నిజంగా పట్టించుకోవలసింది ఆ 28 అనే అంకె. ఇంతకుముందు పెద్ద కాలేజీల అమ్మాయిల జట్లలో ముప్పై దాటి ఉండడం మామూలే. స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరి, రెండేళ్ళు ప్రాక్టీసులో కష్టపడి, మూడో ఏడాది మైదానంలోకి దిగిన అమ్మాయిలు ఉండేవాళ్ళు. ఆ దారి ఇప్పుడు ఇరుకైంది. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా. 2024 నుంచి చదువులో అర్హత ఉన్న ఆటగాళ్ళు ఎన్నిసార్లైనా కాలేజీ మారి వెంటనే ఆడవచ్చు. కోచ్ వైపు నుంచి ఆలోచించండి. ఒక సెంటర్ బ్యాక్ కావాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లను తీసుకుని రెండేళ్ళు తయారు చేయాలా, లేక రెండేళ్ళు కాలేజీ సాకర్ ఆడేసిన ఇరవై ఏళ్ళ అమ్మాయిని పోర్టల్‌లోంచి తెచ్చుకోవాలా? ఉద్యోగం నిలబెట్టుకోవలసిన కోచ్ ఏం చేస్తారో మనం ఊహించగలం. వాళ్ళను తప్పుపట్టడం లేదు. మన పిల్లలు పోటీపడేది తమ ఈడు పిల్లలతో మాత్రమే కాదని చెబుతున్నాను.

మా ఇంటి లెక్క చెబుతాను. క్లబ్ ఫీజు, ప్రయాణాలు, హోటళ్ళు, బూట్లు, ఫిజియోథెరపీ కలిపి మా అమ్మాయి మీద ఏడాదికి దాదాపు 7 వేల డాలర్లు పెట్టాం. ఎనిమిదేళ్ళు. 56 వేలు. ఆమెకు ఒక డివిజన్ 1 కాలేజీ పావు వంతు స్కాలర్‌షిప్ ఇస్తామంది, అంటే ఏడాదికి 15 వేలు తగ్గి 45 వేలు మేము కట్టాలి. ఇప్పుడు చదువుతున్న డివిజన్ 3 కాలేజీ ఆట కోసం ఒక్క డాలరు ఇవ్వలేదు, ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవు. కానీ మార్కులు చూసి ఏడాదికి 24 వేలు మెరిట్ ఇచ్చింది. మార్కులకు వచ్చిన డబ్బు కాలు విరిగినా పోదు, కోచ్ మారినా పోదు. మా కుటుంబంలో ఆ రోజు ఈ ముక్క అర్థం కావడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. మీకు ఇప్పుడే తెలిస్తే నాలుగేళ్ళు ప్రశాంతంగా ఉంటారని ఇంత వివరంగా రాస్తున్నాను.

స్కాలర్‌షిప్ పేరుతో వచ్చే డబ్బు కోసం కాదు, మామూలుగా అయితే దొరకడం కష్టమైన కాలేజీలో సీటు దొరకడానికి ఆట ఉపయోగపడుతుంది. మన పిల్లలకు ఎక్కువగా కలిసివచ్చే దారి ఇదే. మన తెలుగు ఇళ్ళలో దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ.

డివిజన్ 3 అంటే మూడో రకం అని మనవాళ్ళు అనుకుంటారు. "ఇన్నేళ్ళు ఆడించి చివరికి డివిజన్ 3నా?" అని నన్ను ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. ఎంఐటీ, క్యాల్‌టెక్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, ఎమరీ, కార్నెగీ మెలన్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, జాన్స్ హాప్కిన్స్, టఫ్ట్స్, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, ఇవన్నీ సాకర్‌లో డివిజన్ 3 కాలేజీలే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఎనిమిదీ డివిజన్ 1లో ఆడతాయి కానీ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు. మీ అమ్మాయి మార్కులు నిజంగా మీరు రాసినంత బాగుంటే, ఆమె కోసం వెతకవలసిన జాబితా ఇక్కడ మొదలవుతుంది.

ఇక్కడ పని ఎలా జరుగుతుందంటే, పదకొండో తరగతి అయిపోయిన వేసవిలో, సుమారు జూలైలో, కోచ్ మీ అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల జాబితా), ఎస్ఏటీ ప్రవేశపరీక్ష స్కోరు, పన్నెండో తరగతిలో తీసుకోబోయే సబ్జెక్టులు అడుగుతారు. వాటిని అడ్మిషన్స్ ఆఫీసుకు పంపుతారు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. అక్కడివాళ్ళు చూసి, ఈ పిల్ల దరఖాస్తు చేస్తే అవకాశం ఎలా ఉంటుందో కోచ్‌కు ముందే చెబుతారు. అది బాగుంటే, కోచ్ తనకున్న కొద్దిపాటి సీట్లలో ఒకదానికి మీ అమ్మాయిని ఎంచుకుని అడ్మిషన్స్‌లో గట్టిగా నిలబడతారు. బదులుగా ఎర్లీ డెసిషన్‌లో దరఖాస్తు చేయమంటారు. సీటు వస్తే చేరి తీరాలన్నది ఎర్లీ డెసిషన్ నియమం. ఐవీ కాలేజీలు ఇలాంటి పిల్లలకు అక్టోబరు నుంచి లైక్లీ లెటర్ అని పంపుతాయి, అది దాదాపు సీటు ఖాయమైనట్టే.

ఈ దశలో మాటలను జాగ్రత్తగా వినాలి. "నీ దరఖాస్తుకు సపోర్ట్ చేస్తాం" అంటే రకరకాల అర్థాలు. పూర్తి బలంతో నిలబడడం కావచ్చు, ఊరికే ఒక మంచి మాట రాసి పంపడం కావచ్చు. మా అమ్మాయి ఫోన్‌లో నేరుగా అడిగింది: "కోచ్, మీరు పూర్తి సపోర్ట్ ఇచ్చిన పిల్లల్లో గత మూడేళ్ళలో సీటు రానివాళ్ళు ఎంతమంది?" ఒక కోచ్ వెంటనే అంకె చెప్పారు. ఇంకొకరు మాట మార్చారు. ఆ రెండో కాలేజీని ఆ రోజే జాబితాలోంచి తీసేశాం. ఎంఐటీ, క్యాల్‌టెక్ లాంటిచోట కోచ్ మాటకు విలువ ఉన్నా సీటు నిర్ణయం పూర్తిగా అడ్మిషన్స్‌దే. అక్కడ కోచ్ ఇష్టపడ్డారని మిగతా కాలేజీలను వదులుకోకండి.

ఇంకో మెలిక ఉంది. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, ఎంఐటీ, ఐవీ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి అవసరం ఉన్నవాళ్ళకే సాయం చేస్తాయి. ఇద్దరూ ఐటీలో పనిచేసే ఇంటికి ఆ సాయం పెద్దగా రాకపోవచ్చు. ఎమరీ, కేస్ వెస్టర్న్, యూనివర్సిటీ ఆఫ్ రోచెస్టర్ లాంటివి మెరిట్ ఇస్తాయి. ఎర్లీ డెసిషన్ సంతకం పెట్టేముందు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో, సాయం పోగా ఎంత కట్టాలో చూపే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ నింపండి. అది హెచ్4 పిల్లలకు సరిగ్గా చూపించదు కాబట్టి, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు మీ వీసా సంగతి రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

హెచ్4 సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆట స్కాలర్‌షిప్‌కు పౌరసత్వంతో పనిలేదు. అబ్బాయిల కాలేజీ సాకర్ నిండా యూరప్, ఆఫ్రికా, దక్షిణ అమెరికా నుంచి ఎఫ్1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళే. మెరిట్ సాయానికి కూడా చాలాచోట్ల అడ్డు లేదు. కానీ ఫెడరల్ సాయం, అంటే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ప్రభుత్వ దరఖాస్తు నింపితే వచ్చేది, హెచ్4 పిల్లలకు రాదు. పేరు, ఫోటో వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే ఎన్ఐఎల్ డబ్బు, కాలేజీలు పంచే వాటా డబ్బు, వీటి జోలికి ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా వెళ్ళకండి. పని అనుమతి లేని వీసా మీద డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు. 21 నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే కాలేజీ మధ్యలో ఎఫ్1కు మారాల్సి ఉంటుంది, అప్పుడు కూడా ఆట ఆగదు. అయితే ఆ మార్పు వల్ల ఫీజులోగానీ సాయంలోగానీ తేడా వస్తుందా అన్నది ప్రతి కాలేజీనీ ముందే అడగండి. మరొకటి, స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, పుస్తకాలు దాటి గదికి, భోజనానికి ఇచ్చే భాగం మీద పన్ను ఉంటుంది.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మీ అమ్మాయి విషయంలో మీరేమీ ఆలస్యం చేయలేదు. డివిజన్ 1, డివిజన్ 2 కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 నుంచి మాత్రమే పిల్లలతో నేరుగా మాట్లాడాలి, మెయిల్ రాయాలి, మెసేజ్ పెట్టాలి. డివిజన్ 1 క్యాంపస్ విజిట్లు ఆ ఆగస్టు 1 నుంచి. అప్పటిదాకా మీ అమ్మాయి వాళ్ళకు రాయవచ్చు, వాళ్ళు జవాబివ్వకూడదు. జవాబు రాలేదని బాధపడవద్దని ఆమెకు ముందే చెప్పండి. వాళ్ళు చదువుతారు, గుర్తుపెట్టుకుంటారు, క్లబ్ కోచ్‌ను అడుగుతారు. ఆ జూన్ 15 అర్ధరాత్రి ఫోన్ మోగకపోతే అంతా అయిపోయిందని ఏడ్చిన పిల్లలను నేను చూశాను. ఏమీ అయిపోదు. డివిజన్ 3 కోచ్‌లకు ఈ తేదీల కట్టుబాటు చాలా తక్కువ, వాళ్ళ అసలు హడావిడి పదకొండో తరగతిలో, ఆ తర్వాతి వేసవిలో. మా అమ్మాయికి ఆ జూన్ 15న వచ్చినవి రెండే మెయిళ్ళు. ఇప్పుడు ఆడుతున్న కాలేజీ కోచ్ మొదటిసారి రాసింది ఆ తర్వాత పది నెలలకు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు. మొదటి ఏడాది మెయిళ్ళన్నీ మా అమ్మాయి పేరుతో నేనే రాశాను. చక్కటి ఇంగ్లీషు, పెద్ద పెద్ద మాటలు. ఒక కోచ్‌కు బాగా నచ్చి, తేదీ రాగానే ఫోన్ చేశారు. "నువ్వు రాసిన మా మూడో గోల్ విశ్లేషణ చాలా బాగుంది, ఇంకా చెప్పు" అన్నారు. మా అమ్మాయికి ఆ మెయిల్‌లో ఏముందో కూడా తెలియదు. తడబడింది, నిజం చెప్పేసింది. ఆ కోచ్ మర్యాదగానే మాట్లాడి పెట్టేశారు, మళ్ళీ రాయలేదు. ఆ రాత్రి మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాత ప్రతి మెయిల్ ఆమే రాసింది, నేను అక్షర దోషాలు మాత్రం చూశాను. మీరు నాలుగు వేలు కడితే ఆ సంస్థ చేసేది కూడా నేను చేసిన ఈ పనే, కాకపోతే ఒకే మెయిల్ వందల మంది కోచ్‌లకు. కోచ్‌లు రోజూ వాటిని చూస్తూనే ఉంటారు, చూడగానే పోల్చుకుంటారు.

మంచి మెయిల్ పొట్టిగా ఉంటుంది. హెడ్డింగ్‌లోనే హైస్కూల్ పూర్తయ్యే ఏడాది, పొజిషన్, క్లబ్, ఏ టోర్నమెంటుకు వస్తోందో. లోపల ఎత్తు, ఏ కాలితో ఆడుతుంది, జీపీఏ (మార్కుల సగటు), జెర్సీ నంబరు, మైదానం నంబరు, ఆట సమయం, క్లబ్ కోచ్ ఫోన్ నంబరు, వీడియో లింకు. వీటికి మించి ఒకే ఒక్క వాక్యం ఆ కాలేజీకి మాత్రమే చెందినది ఉండాలి. ఆ జట్టు ఆట చూసి ఉంటేనే రాయగలిగిన వాక్యం. "మీ సెంటర్ బ్యాక్‌లు బంతిని పొడుగ్గా కొట్టకుండా మిడ్‌ఫీల్డర్‌కే ఇస్తున్నారు, నేను కూడా అలాగే ఆడతాను" అని పదిహేనేళ్ళ పిల్ల తన మాటల్లో రాస్తే చాలు. షోకేస్‌కు, అంటే కాలేజీ కోచ్‌లు చూడడానికి వచ్చే టోర్నమెంటుకు, వారం ముందు ఒకటి, అయ్యాక రెండు రోజుల్లో ఫలితంతో ఇంకొకటి.

వీడియో గురించి పెద్దగా ఆలోచించకండి. మూడు నాలుగు నిమిషాలు, మంచి క్లిప్పులు ముందు, ప్రతి క్లిప్‌లో బంతి వచ్చేముందే మీ అమ్మాయి ఎవరో గుర్తు పెట్టాలి, సంగీతం అక్కర్లేదు. సెంటర్ బ్యాక్ కాబట్టి టాకిల్స్‌తో పాటు బంతి తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడిందో, పక్కనున్నవాళ్ళకు ఎలా చెబుతోందో కనిపించే క్లిప్పులు పెట్టండి. ఒక పూర్తి మ్యాచ్ లింకు కూడా. క్లబ్‌లో మ్యాచ్‌ను తనంతట తానే తీసే వీయో కెమెరా ఉంటే అదే సరిపోతుంది.

ఐడీ క్యాంపుల విషయంలో, అంటే ఆటగాళ్ళను చూసి ఎంచుకుంటామంటూ కాలేజీలు ఫీజు తీసుకుని పెట్టే క్యాంపుల విషయంలో జాగ్రత్త. మీ మెయిల్‌బాక్స్ ఇప్పటికే "కోచింగ్ స్టాఫ్ నిన్ను గమనించారు, మా క్యాంపుకు రా" అనే ఆహ్వానాలతో నిండి ఉంటుంది. మేమూ మొదట్లో అలాంటి ఒకదానికి విమానంలో వెళ్ళాం. ఫీజు, టికెట్లు, హోటల్ కలిపి పదకొండు వందల డాలర్లు. వెళ్ళి చూస్తే మైదానం నిండా వందల మంది పిల్లలు, హెడ్ కోచ్ ప్రారంభంలో పది నిమిషాలు మాట్లాడి వెళ్ళిపోయారు. మా అమ్మాయి పొజిషన్‌లో ఆ ఏడాదికి వాళ్ళు అప్పటికే ఇద్దరిని తీసుకున్నారని తర్వాత తెలిసింది. కాబట్టి డబ్బు కట్టేముందు మీ క్లబ్ కోచ్ చేత ఆ కాలేజీకి ఫోన్ చేయించండి. అడగవలసింది ఒక్కటే: "ఈ అమ్మాయి పేరు మీ జాబితాలో ఉందా? ఆమె బ్యాచ్‌లో మీకు సెంటర్ బ్యాక్ కావాలా?" పదో తరగతి పూర్తి కాకముందు కూడా క్లబ్ కోచ్‌తో మాట్లాడడానికి కాలేజీ కోచ్‌కు అడ్డు లేదు. జవాబు అవునైతే ఆ క్యాంపు మంచి పెట్టుబడి. చిన్న క్యాంపుల్లో, ముఖ్యంగా డివిజన్ 3లో, కోచ్‌లు నిజంగానే పిల్లలను ఎంచుకుంటారు.

ఈసీఎన్ఎల్ రీజనల్ లీగ్ నుంచి ఈసీఎన్ఎల్ జట్టుకు మారాలా అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది, డాలస్‌లో ఇది ప్రతి ఇంట్లో చర్చే. ఈసీఎన్ఎల్ షోకేస్‌లలో గట్టు మీద కోచ్‌లు ఎక్కువమంది ఉంటారన్నది నిజం. కానీ అక్కడ బెంచీ మీద కూర్చున్న పిల్లను ఏ కోచ్ కూడా చూడలేరు. కొత్త జట్టులో కనీసం సగం సమయం ఆడిస్తామంటే మారండి, లేకపోతే ఇంకో ఏడాది ఆగండి. 2026 శరదృతువు నుంచి చాలా లీగ్‌లలో వయసు గ్రూపులు పుట్టిన సంవత్సరం బదులు ఆగస్టు 1 నుంచి జూలై 31 లెక్కకు మారుతున్నాయి. మీ అమ్మాయి సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య పుట్టి ఉంటే ఇది మంచి వార్త. ఇన్నాళ్ళూ తనకంటే ఒక తరగతి పైవాళ్ళతో ఆడి, వాళ్ళు కాలేజీకి వెళ్ళిపోగానే జట్టు లేకుండా మిగిలిపోయే పిల్లలు వాళ్ళే. ఇకనుంచి తన తరగతివాళ్ళతోనే ఉంటుంది. కోచ్‌లకు కూడా ఒకే బ్యాచ్ పిల్లలను ఒకేచోట చూడడం తేలిక.

చదువు అర్హత గురించి ఒక్క మాట. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ లెక్కలో హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు, అంటే ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటి ముఖ్య సబ్జెక్టులు, ఉండాలి. డివిజన్ 1కు వాటిలో 2.3 జీపీఏ, డివిజన్ 2కు 2.2. డివిజన్ 1కైతే 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపు పూర్తవ్వాలి, అందులో 7 ఇంగ్లీషు, లెక్కలు, సైన్సువి. ఎస్ఏటీ నిబంధన 2023లో తీసేశారు, అయితే కాలేజీ అడిగితే రాయాల్సిందే. మన పిల్లలకు మార్కులు సమస్య కాదు. వేసవిలో తొందరగా పూర్తి చేద్దామని ఆన్‌లైన్‌లో చేసే కోర్సులతోనే వస్తుంది చిక్కు. ఆ కోర్సు ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో లేకపోతే లెక్కలోకి రాదు. చేరేముందే స్కూల్ కౌన్సిలర్‌ను అడగండి.

డివిజన్ 1 కావాలని మీ అమ్మాయే పట్టుబడితే వద్దనకండి, కానీ అక్కడి రోజు ఎలా ఉంటుందో చూపించండి. సీజన్‌లో వారానికి 20 గంటలు పరిమితి అని నియమం, ప్రయాణాలు దానిలో కలవవు. 2024 నుంచి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏసీసీ అనే తూర్పు తీరపు కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) ఆడుతున్నాయి, అంటే కాలిఫోర్నియా పిల్లలు కాన్ఫరెన్స్ మ్యాచ్‌కు నార్త్ కరోలైనా దాకా ఎగరాలి. మన డాలస్ ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) కూడా అదే కాన్ఫరెన్స్‌లో చేరింది. శుక్రవారం మధ్యాహ్నం ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న అమ్మాయి ఏం చేయాలి? ఈ ప్రశ్నను ఆ జట్టులో ఇంజనీరింగ్ లేదా ప్రీ-మెడ్ చదువుతున్న ఆటగాళ్ళనే అడిగించండి. అలాంటివాళ్ళు జట్టులో ఒక్కరూ లేకపోతే అదే జవాబు.

ఆఫర్ వస్తే నోటి మాటకు ఇటు మనమూ కట్టుబడి ఉండనక్కర్లేదు, అటు వాళ్ళూ ఉండరు. ఆ కాలేజీలోనే చేరతానని సంతకం పెట్టే పాతకాలపు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే సాయం ఒప్పందం మీద. అది ఒక్క ఏడాదికా, నాలుగేళ్ళకా? మోకాలు దెబ్బతింటే ఏమవుతుంది? కోచ్ వెళ్ళిపోతే? ఐదో ఏడాది చదవాల్సి వస్తే? ఇవి కాగితంలో చదివాకే సంతకం. మోకాలి మాట ఊరికే అనలేదు. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) గాయాలు అబ్బాయిలకంటే అమ్మాయిలకే ఎక్కువ. మా జట్టులో నాలుగేళ్ళలో ముగ్గురికి ఆపరేషన్ అయింది. ఇప్పటినుంచే వారానికి రెండుసార్లు కాళ్ళ బలానికి, గెంతి సరిగ్గా నేల మీద కాలు మోపడానికి వ్యాయామాలు చేయించండి. క్లబ్ ఫీజు తర్వాత మీరు పెట్టే డబ్బులో దీనికి పెట్టేదే మేలైనది.

ఇక మీ చిన్నవాడు. అబ్బాయిల దారి ఇంకా ఇరుకు, ముఖ్యంగా టెక్సస్‌లో. దేశంలో డివిజన్ 1 అమ్మాయిల జట్లు సుమారు 350 ఉంటే అబ్బాయిలవి 200కు కాస్త పైన. కాలేజీల్లో ఆడ, మగ పిల్లలకు అవకాశాలు సమంగా ఉండాలని 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కటే వందమంది అబ్బాయిలను తీసేసుకుంటుంది కాబట్టి, చాలా కాలేజీలు ఆ తూకం కోసం అమ్మాయిల సాకర్ పెట్టి అబ్బాయిలది పెట్టలేదు. ఆస్టిన్‌లోని యూటీ, టెక్సస్ ఏ అండ్ ఎం, బేలర్, టీసీయూ, టెక్సస్ టెక్, వీటన్నిటికీ అమ్మాయిల జట్లున్నాయి, అబ్బాయిలకు లేవు. మన చుట్టుపక్కల డివిజన్ 1 అబ్బాయిల జట్టంటే ఎస్ఎంయూనే. ఉన్న జట్లలో కూడా చాలా చోట్లు ఇరవై, ఇరవై ఒకటేళ్ళ విదేశీ ఆటగాళ్ళతో నిండిపోతాయి. 2024లో వెర్మాంట్ ఛాంపియన్ అయింది, అంతకు కొన్నేళ్ళ ముందు మార్షల్ గెలిచింది. పెద్ద ఫుట్‌బాల్ కాలేజీల పేర్లు మాత్రమే వెతికితే ఇలాంటివి కనబడవు. మీవాడికి డివిజన్ 2, ఎన్ఏఐఏ (ఎన్‌సీఏఏ కాకుండా మరో కాలేజీ ఆటల సంస్థ), డివిజన్ 3 మూడూ చూడండి. మా అబ్బాయి డివిజన్ 2లో సగానికి కొంచెం తక్కువ స్కాలర్‌షిప్, పైన మార్కులకు కొంత తెచ్చుకున్నాడు, సంతోషంగా ఉన్నాడు. పన్నెండేళ్ళవాడికి ఇప్పుడు రిక్రూటింగ్ మాటే ఎత్తకండి. ఆడనివ్వండి.

ఈ వారం మీరు చేయవలసింది చిన్న పని. అమ్మాయిని కూర్చోబెట్టి, సాకర్ అసలు లేకపోయినా చదవాలనిపించే కాలేజీలు పదిహేను రాయమనండి. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ డివిజన్ అయినా ఫర్వాలేదు. తర్వాత వాటి జట్ల రోస్టర్ (ఆటగాళ్ళ జాబితా) పేజీలు తెరిచి, 2029లో చేరే ఏడాదికి సెంటర్ బ్యాక్‌లు ఎవరెవరు వెళ్ళిపోతారో లెక్కపెట్టమనండి. ఆ జాబితాలోంచి ఒక కోచ్‌కు ఆమె తన మొదటి మెయిల్ రాశాక, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. నేను చదివి, ఏం మార్చాలో ఆమెకే అర్థమయ్యేలా రాస్తాను.